పిట్టగోడ ఎవరు కట్టాలి?

2025 ఆగస్టు 16, శనివారం. బెంగళూరు నగర్తపేటలో తెల్లవారకముందే ఒక భవనంలో మంటలు లేచాయి. ప్లాస్టిక్ చాపలు తయారుచేసే పని, ఆ సరుకు దాచే చోటు, ఒక కుటుంబం కాపురం, అన్నీ ఆ ఒక్క భవనంలోనే. భార్యాభర్తలు, వాళ్ళ ఇద్దరు చిన్న కొడుకులు, పక్క భవనంలో ఉన్న ఒక యువకుడు, మొత్తం ఐదుగురు చనిపోయారు. ఆ వ్యాపారం చేసుకుంటున్నది బాడుగకున్న కుటుంబమే. అయినా పోలీసులు భవన యజమానుల్ని అరెస్టు చేశారు.

బాడుగ తీసుకున్నాం, తాళంచెవి ఇచ్చేశాం, లోపల వాళ్ళేం చేసుకుంటే మాకేం అనే మాట ఇల్లున్న మన విశ్వాసుల నోట కూడా వింటూ ఉంటాం. ఇల్లంటే ఆస్తి, బాడుగంటే రాబడి, అంతవరకే వాళ్ళ లెక్క. ఆ లెక్కను దేశ చట్టమూ ఒప్పుకోదు, దేవుని వాక్యమూ ఒప్పుకోదు. అయితే దాన్ని దిద్దుకోబోయి కొందరు ఇంకో తప్పులో పడుతున్నారు. ప్రమాదం పేరు చెప్పి పేదవాడి సామాను వీధిలో పడేస్తున్నారు. ఈ రెండింటి గురించీ ఇప్పుడు మాట్లాడుకోవలసి వచ్చింది.

ఎందుకంటే బళ్ళారి సత్యనారాయణపేట నుండి ఒక పెద్దావిడ మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. భర్త లేరు. మిద్దె ఇల్లుంది, రెండు పోర్షన్లు బాడుగకిచ్చారు. కింది పోర్షన్‌లో ఉన్నాయన వెనుక గదిలో ఇంటి గ్యాసు సిలిండర్ల నుండి చిన్న సిలిండర్లలోకి గ్యాసు ఎక్కించి అమ్ముతున్నాడు. పై పోర్షన్‌లో బాలింత ఉంది. ఈమె రెండుసార్లు చెప్పి చూశారు. "ఇన్నేండ్లుగా చేస్తాండాను, ఏమన్నా అయిందా అమ్మా?" అన్నాడట. అతను కూడా విశ్వాసే, ఆమె సంఘంలోనే ఉన్నాడు. పిల్లలిద్దరూ బడికి పోతున్నారు. ఖాళీ చేయిస్తే పాపమా, ఊరుకుంటే పాపమా అని ఆ తల్లి ప్రశ్న.

సంఘంలో ఆమెకు రెండు రకాల సలహాలు వచ్చాయి. కొందరు ఓర్చుకో తల్లీ, ప్రార్థన చెయ్యి, తీర్పు తీర్చొద్దు అన్నారు. కొందరు వాళ్ళు లేనప్పుడు బీగం వేసెయ్, కరెంటు పీకెయ్, వాళ్ళే పోతారు అన్నారు. ఈ రెండు సలహాలూ మాకు నచ్చలేదు.

మొదటిది చూద్దాం. మనకు జరిగిన కీడును ఓర్చుకోమని ప్రభువు నేర్పాడు, నిజమే. పై పోర్షన్‌లో నిద్రపోతున్న పసిబిడ్డ తరఫున ఓర్చుకునే అధికారం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం 8వ వచనం తెరిచి చూడండి. కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టించాలి, లేకపోతే ఎవరైనా పడి చనిపోయినప్పుడు ఆ రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుంది అని అక్కడ ధర్మశాస్త్రం చెబుతుంది. ఇశ్రాయేలీయుల ఇళ్ళు కూడా మన బళ్ళారి ఇళ్ళలాగే చదును మిద్దెలు. ఎండాకాలం మిద్దె మీదే పడక. పడినవాడు అజాగ్రత్తగా నడిచాడా, నిద్రమత్తులో ఉన్నాడా అని ఆ వచనం విచారించదు. ఇంటివాడు ఏం చేశాడనే అడుగుతుంది. అదీ ఎవరూ పడకముందే అడుగుతుంది.

నిర్గమకాండం 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దు గురించి ఒక నియమం ఉంది. ఎద్దు మొదటిసారి పొడిస్తే ఎద్దుకే శిక్ష. దానికి పొడిచే అలవాటుందని యజమానికి ముందే చెప్పినా కట్టెయ్యకపోతే శిక్ష యజమానికి కూడా. అక్కడ తేడా అంతా యజమానికి తెలుసా లేదా అన్నదానిలోనే ఉంది. ఆ పెద్దావిడకు ఇప్పుడు తెలుసు. తెలిసిన రోజు నుండి ఆమె స్థానం మారిపోయింది. ఇది విని ఆమెకు భయం వేయవచ్చు, కానీ దాచి లాభం లేదు.

ఆ వెనుక గదిలో జరుగుతున్నది ఎంత ప్రమాదమో యువతకు కొంచెం వివరంగా చెప్పాలి. సిలిండరులో గ్యాసు ద్రవంగా ఉంటుంది. బయటికి వస్తే సుమారు 250 రెట్లు పెరుగుతుంది. గాలికన్నా బరువైనది కాబట్టి పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది, గుమ్మం కింద నుండి, కాలువ వెంబడి పాకి పక్క గదిలో పొయ్యి దగ్గరకో ఫ్రిజ్ దగ్గరకో చేరుతుంది. 14.2 కిలోల ఇంటి సిలిండరును తలకిందులు చేసి గొట్టం పెట్టి నింపేటప్పుడు చిన్నదానిలో ఎంత పడిందో తూచేవాడుండడు. ద్రవం వ్యాకోచించడానికి ఖాళీ వదలకుండా నింపిన చిన్న సిలిండరు ఎండలో పెడితే చాలు. ఇలా ఎక్కించడం నేరం. 2000 నాటి ఎల్పీజీ సరఫరా ఉత్తర్వు, 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నియమాలు దీన్ని నిషేధించాయి. ఇన్నేళ్ళు ఏమీ కాలేదు అంటే ఇన్నేళ్ళు నిప్పురవ్వ ఆ గదిలోకి రాలేదని మాత్రమే అర్థం.

ఇంతవరకు చదివి ఇల్లున్నవారు తృప్తిపడకండి. బాడుగకుండేవాళ్ళ నిర్లక్ష్యం గురించి ఫిర్యాదులు చాలా వింటాం. పెద్ద ప్రమాదాల చరిత్ర తిరగేస్తే వేలు వేరేవైపు తిరుగుతుంది. 2023 నవంబరు 13న హైదరాబాదు బజార్‌ఘాట్‌లో అపార్టుమెంటు కింది అంతస్తులో పెట్టిన రసాయన డ్రమ్ములు అంటుకుని పై అంతస్తుల్లో కాపురమున్న 9 మంది చనిపోయారు. ఆ డ్రమ్ములు పెట్టింది భవన యజమానే అని పోలీసులు కేసు పెట్టారు. 2022 మార్చి 23న బోయిగూడ తుక్కు గోదాములో 11 మంది బీహారు కూలీలు కాలిపోయారు. పై గదిలో 12 మందిని పడుకోబెట్టారు, దిగే మెట్లు గోదాములో నుండే. కిటికీలో నుండి దూకిన ఒక్కడు బతికాడు. అదే ఏడాది సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో పొగ మెట్లదారి పట్టి పైకెక్కింది, 8 మంది చనిపోయారు. పైన పడుకున్నవాళ్ళు చేసిన తప్పు వీటిలో ఏ ఒక్కచోటా లేదు.

కాబట్టి బాడుగదారుణ్ణి ప్రశ్నించే ముందు ఇంటివాళ్ళు తమ వైపు చూసుకోవాలి. మెట్ల కింద పాత సామాను, బైకులు కుక్కి దారి మూశారా? సంపు మూత సరిగా ఉందా? మూత లేని గోతిలో పశువు పడితే గొయ్యి తవ్వినవాడే నష్టపరిహారం ఇవ్వాలని అదే నిర్గమకాండం చెబుతుంది, ఇక పిల్లల సంగతి వేరే చెప్పాలా? ముప్పై ఏళ్ళనాటి వైరింగు మీద ఏసీ పెట్టుకోనిచ్చారా? ఎర్త్ లీకేజీ బ్రేకరు పెట్టించడానికి ఎంత అవుతుందో ఎలక్ట్రీషియన్ని ఒకసారైనా అడిగారా? 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ నిజామాబాదులోనూ ఇంట్లో ఛార్జింగు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. పడకగదిలో పెట్టొద్దని బాడుగదారుకు చెప్పడం సుళువే. కింద గాలి వచ్చే చోట ఒక ప్లగ్ పాయింటు వేయించి ఇస్తే ఆ మాటకు బలం వస్తుంది.

సత్యనారాయణపేట సంగతిలో ఇంకో ముడి ఉంది. మనది సరిహద్దు ఊరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు వైపు పోయింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్ర వైపు పోయాయి. మ్యాపు మీద గీత పడినా బతుకుతెరువు కోసం రాకపోకలు ఆగలేదు. అటునుండి పనికి వచ్చినవాడి ఆధారు, రేషను కార్డు, గ్యాసు బుక్కు అన్నీ సొంత ఊరి చిరునామాతో ఉంటాయి. ఇక్కడ చిరునామా రుజువు కావాలంటే బాడుగ అగ్రిమెంటు కావాలి. చాలామంది ఇంటివాళ్ళు అగ్రిమెంటు రాయరు. పన్ను పడుతుందనో, రాసిస్తే ఇల్లు వదలరనో భయం. ఫలితంగా వచ్చిన కుటుంబం ఎవరో వెనుక గదిలో ఎక్కించిన చిన్న సిలిండరు కొనుక్కుంటుంది. అంటే ఆ దొంగ వ్యాపారానికి గిరాకీ పుట్టించినవాళ్ళలో అగ్రిమెంటు రాయని ఇంటివాళ్ళు కూడా ఉన్నారు. అన్నట్టు, గ్యాసు ఏజెన్సీల్లో 5 కిలోల సిలిండరు గుర్తింపు కార్డు ఒక్కటి చూపిస్తే ఇస్తారు, చిరునామా రుజువు అక్కరలేదు. 2021 ఆగస్టులో మొదలైన రెండో విడత ఉజ్జ్వల పథకంలో వలస వచ్చిన పేద కుటుంబాలు తమ చిరునామాను తామే రాసి ఇస్తే సరిపోతుంది. ఈ రెండు సంగతులు మన సంఘాల్లో ప్రకటనల సమయంలో చెబితే ఎంతో మేలు.

ఇక బీగం వేసెయ్ అన్నవారి సలహా. ఇది పాపమే గాక చట్టం ముందు నిలవదు కూడా. ఎంత తప్పు చేసిన బాడుగదారునైనా చట్టప్రకారం తప్ప బయటికి నెట్టే హక్కు ఇంటివాళ్ళకు లేదు. బలవంతంగా గెంటేస్తే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షను కింద ఆరు నెలల్లోగా అతను కోర్టుకు వెళ్ళి మళ్ళీ లోపలికి రావచ్చు. ఇల్లు మీదే అని పత్రాలు చూపించినా ఆ దావాలో పనికిరావు. అప్పుడు గ్యాసు వ్యాపారం చేసినవాడు బాధితుడవుతాడు, ఆ పెద్దావిడ ముద్దాయి అవుతుంది.

ఆమెకు మేము చెప్పింది ఇది. వాసన వచ్చిన రోజు ఏ చర్చా వద్దు. తలుపులు కిటికీలు తెరవాలి, ఏ స్విచ్చీ వేయకూడదు, తీయకూడదు, పైనున్న బాలింతను దించి బయటికి తీసుకుపోవాలి, అక్కడి నుండి గ్యాసు లీకేజీ నంబరు 1906కు గానీ 112కు గానీ ఫోను చేయాలి. మిగతా రోజుల్లో నోటిమాటలు చాలించి కాగితం మీద రాయాలి. ఏ గదిలో ఏం జరుగుతోంది, ఏ తేదీలోగా ఆపాలి అని తెలుగులోనూ కన్నడలోనూ రాసి, సంతకం చేసి ఇచ్చి, ఒక నకలు దగ్గర పెట్టుకోవాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ప్రకారం బాడుగదారు ఇంటిని బుద్ధిగల మనిషి తన సొంత ఇంటిని వాడుకున్నట్టు వాడుకోవాలి, దేనికోసం ఇచ్చారో దానికి తప్ప వేరే పనికి వాడకూడదు. కాపురానికిచ్చిన గదిలో గ్యాసు వ్యాపారం ఆ సెక్షనుకు విరుద్ధం. అగ్రిమెంటులో షరతు ఉండి దాన్ని మీరితే, ఫలానా తప్పు సరిదిద్దుకో అని ముందు నోటీసిచ్చి సమయం ఇవ్వాలని 114ఎ సెక్షను చెబుతుంది. అగ్రిమెంటు లేని నెలవారీ బాడుగైతే 106వ సెక్షను కింద 15 రోజుల నోటీసు, ఆ తర్వాతే దావా. నెల బాడుగ 3,500 రూపాయలు దాటిన ఇళ్ళకు కర్ణాటక 1999 అద్దె చట్టం వర్తించదు కాబట్టి నేడు ఎక్కువ ఇళ్ళకు దారి ఇదే.

కోర్టు నెమ్మది, గ్యాసు నెమ్మదిగా ఉండదు కదా అని ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఇంటిని ఖాళీ చేయించడం, ప్రమాదాన్ని ఆపించడం రెండూ వేర్వేరు పనులు. రెండోదానికి కోర్టు దావా అక్కరలేదు. గ్యాసు ఎక్కించడం గురించి పౌర సరఫరాల శాఖకు, పోలీసులకు రాతపూర్వకంగా చెప్పవచ్చు. మంటకు, పేలుడుకు కారణమయ్యే వస్తువుల్ని తొలగించమని ఆజ్ఞ ఇచ్చే అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంది. సాటి విశ్వాసి మీద ఫిర్యాదా అని ఆమె కంగారుపడ్డారు. ముందు ఇద్దరు సంఘపెద్దలు వెళ్ళి అతనితో కూర్చుని, వారంలోగా సిలిండర్లు తీయకపోతే ఫిర్యాదు వెళుతుందని ముఖం మీదే చెప్పడం మంచిది. వేరే పని చూపించగలిగితే ఇంకా మంచిది. వారం దాటితే ఫిర్యాదు వెళ్ళాల్సిందే.

లేవీయకాండం 14వ అధ్యాయం మన ప్రసంగాల్లో దాదాపు వినబడదు. ఇంటి గోడకు కుష్ఠుపొడ కనబడితే ఇంటివాడు తానే వెళ్ళి యాజకునికి చెప్పాలి. యాజకుడు లోపలికి వెళ్ళి చూడకముందే ఇల్లు ఖాళీ చేయమంటాడు. ఎందుకు? అతను అపవిత్రమని ప్రకటిస్తే లోపలి సామానంతా దానితోపాటు పోతుంది కాబట్టి, ముందే ఆ సామాను దక్కించడానికి. తర్వాత ఏడు రోజులు ఇల్లు మూస్తారు, మళ్ళీ చూస్తారు, చెడిన రాళ్ళు తీసి కొత్తవి పెడతారు, గోడ గీకి పూత పూస్తారు. అంత చేసినా పొడ మళ్ళీ వస్తేనే ఇల్లు పడగొడతారు. వేదాంత కళాశాలలో ఆచారధర్మమని దాటేసిన ఈ అధ్యాయంలో బాడుగ తగాదాకు కావలసిన వరుస అంతా ఉంది. దాచకుండా చెప్పడం, కాపురముండేవాళ్ళ సామాను కాపాడటం, గడువు, మరమ్మతు, తప్పనిసరైతేనే కూల్చడం. ఆ సహోదరుని విషయంలో కూడా ఇంతే. సిలిండర్లు పోయి కాపురం నిలిస్తే అందరికీ మేలు. నిలవకపోతే పిల్లల పరీక్షలు అయ్యేదాకా గడువివ్వడం, అడ్వాన్సు పైసలతో సహా తిరిగివ్వడం ఆ తల్లి చేతిలో ఉన్న పనులు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రమాదం అనే మాటను ఎవరైనా ఎవరి మీదైనా వాడగలరు. మన జనానికి ఇది కొత్త కాదు. మాంసం వండేవాళ్ళకు ఇవ్వం, పేరు వినగానే నిన్ననే ఇచ్చేశాం, ఇంట్లో పాటలు ప్రార్థనలు పెట్టేవాళ్ళు వద్దు. సుఖదేవ్ థోరాట్ బృందం ఢిల్లీ పరిసరాల్లో పరిశీలన జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో బాడుగ ఇల్లు అడిగిన దళితులకు, ముస్లింలకు అగ్రకులాలవారికన్నా చాలా ఎక్కువగా తిరస్కారం ఎదురైందని తేలింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవుడికి షెడ్యూల్డు కులాల రక్షణలు కూడా అందవు. అందుకే ఇల్లున్న మన విశ్వాసులకు ఒక పరీక్ష చెబుతాం. నోటీసులో మీరు రాయబోయే సంగతి మండేదా, కారేదా, కూలేదా, షాకు కొట్టేదా? అయితే రాయండి. మసాలా వాసన, వచ్చిపోయే చుట్టాలు, పెళ్ళికాని కుర్రవాళ్ళు, అర్థంకాని భాష, ఇవే మీ కారణాలైతే మీకు వేరే ఇబ్బంది ఉంది, దాని పేరు ప్రమాదం కాదు.

భార్యను కొట్టే బాడుగదారు సంగతి కూడా చెప్పాలి. గోల భరించలేక ఇంటివాళ్ళు మొత్తం కుటుంబాన్నే పొమ్మంటారు. దెబ్బలు తినే ఆమె పిల్లలతో వీధిలో పడుతుంది, కొట్టేవాడు ఇంకో ఇంట్లో మళ్ళీ మొదలుపెడతాడు. 2005 గృహహింస చట్టం ప్రకారం బాడుగ ఇంట్లోనైనా ఉండే హక్కు ఆమెకుంది, అతన్ని బయటికి పంపే ఆజ్ఞ మేజిస్ట్రేటు ఇవ్వగలడు. 181 నంబరు ఆమె చేతికి అందించేది ఎక్కువసార్లు పక్క పోర్షన్‌లోని ఇంటావిడే.

చివరిగా మన సంఘాల మాట. మనలో చాలా సంఘాలు సొంత మందిరం లేక బాడుగ హాళ్ళలో కూడుకుంటున్నాయి. అందులో సిగ్గుపడాల్సింది లేదు, పౌలు కూడా రోమాలో రెండేళ్ళు అద్దె ఇంట్లోనే ఉండి బోధించాడు. బాడుగదారులుగా మన నడవడి ఎలా ఉంది? మొదటి అంతస్తులో ఒకే మెట్లదారి, నూటయాభై మంది, కిటికీలకు పరదాలు, ఒక్క ప్లగ్గుకు వేలాడే కీబోర్డు, యాంప్లిఫయరు, నాలుగు ఫ్యాన్లు. ఉపవాస ప్రార్థన రోజు మెట్ల దగ్గరే సిలిండరు పెట్టి వంట. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకరు వాడకూడదని 2000 నాటి శబ్ద నియమాలు చెబుతున్నా రాత్రి ప్రార్థనల్లో పట్టించుకోం. రేపు ఇంటాయన పక్షపాతంతోనే ఖాళీ చేయమన్నా, అతని చేతికి నిజమైన కారణం మనమే అందిస్తున్నాం. త్రోయలో పౌలు నడిరాత్రి దాకా ప్రసంగించిన మేడగదిలో అనేక దీపాలు ఉన్నాయని లూకా గుర్తుపెట్టుకుని రాశాడు. కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్రమత్తులో మూడో అంతస్తు నుండి పడ్డాడు. అక్కడ పౌలు ఉన్నాడు, కుర్రవాడు బతికాడు.

మన హాళ్ళలో చాలావాటికి వెనుకవైపు ఇంకో తలుపు ఉంటుంది. కుర్చీలు, శామియానా గుడ్డలు అడ్డంగా పేర్చి ఉంటాయి, బీగం చెవి ఇంటాయన దగ్గర ఉంటుంది. ఈ ఆదివారం ఆరాధనకు ముందు యువకులు ఇద్దరు వెళ్ళి ఆ చెవి అడిగి తెచ్చి, ఆ తలుపు తెరుచుకుంటుందో లేదో చూడండి.